పక్షం రోజుల వేలం, 9.5 శాతం కోత

డాలస్ పరిసరాల్లోని తెలుగు ఫార్మసిస్టులు, గృహ వైద్య పరికరాల దుకాణదారులు ఒక ఆదివారం కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాశాం.

సభలో ఉన్న పెద్దలకు, ఫార్మసీలూ వైద్య పరికరాల దుకాణాలూ నడుపుతున్న మిత్రులకు, ఆదివారం పూట పిల్లల సంగీతం క్లాసు మానిపించి మరీ వచ్చిన కుటుంబాలకు నమస్కారం. ప్రభుత్వ విధానాల విషయంలో మన వృత్తివారు ఏం చేయవచ్చో మాట్లాడమని నిర్వాహకులు ఫోన్ చేసినప్పుడు, "అంటే పైరవీ గురించేనా అండీ?" అని అడిగాను. అవతలి నుంచి కాసేపు మాట రాలేదు. రాకపోవడం సహజమే. పైరవీ మన భాషలో మంచి మాట కాదు. బదిలీ ఆపించుకోవడానికో, కాంట్రాక్టు దక్కించుకోవడానికో ఎవరి చేతో ఎవరి చెవినో ఒక మాట వేయించడాన్ని మనం పైరవీ అంటాం. నేను చెప్పబోయే పని కూడా అధికారం ఉన్న గుమ్మానికే వెళ్తుంది, ఆ సంగతి దాచిపెట్టను. కాకపోతే పైరవీ తలుపు వేసుకుని చేసేది. ఇది తలుపు తీసి, పేరూ ఊరూ రాసి, నలుగురూ చదవగలిగే కాగితం మీద చేసేది.

ముందుగా ఒక ప్రశ్న. ఈ గదిలో తాను అమ్మే సరుకు ధర తానే రాసుకునేవారు ఎంతమంది? చేతులెత్తండి. ఒకే ఒక్క చెయ్యి లేచింది. ఆయనకు దోసె పిండి వ్యాపారం కూడా ఉందిలెండి, అందుకని ఎత్తారు. మిగిలిన మన ధరలన్నీ వేరొకరు రాసినవే. వీల్‌చైరు, ఆక్సిజన్ యంత్రం, నిద్రలో ఊపిరికి సాయపడే సీపాప్ యంత్రం, ఆసుపత్రి మంచం, వాకర్ వంటివాటికి, ప్రధానంగా 65 నిండినవారికి అమెరికా ప్రభుత్వం నడిపే బీమా అయిన మెడికేర్‌లో పార్ట్ బి కింద ఒక ధరల పట్టిక ఉంటుంది. అందులో 80 శాతం ప్రభుత్వం ఇస్తుంది, తక్కిన 20 శాతం రోగి గానీ ఆయనకున్న రెండో బీమా గానీ ఇవ్వాలి. పేదల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికెయిడ్, చాలా ప్రైవేటు బీమా కంపెనీలు ఆ పట్టికనే దగ్గర పెట్టుకుని తమ రేట్లు కడతాయి. కాబట్టి బాల్టిమోరు పక్కన ఉన్న, మెడికేర్‌ను నడిపే సీఎంఎస్ కార్యాలయంలో ఒక అంకె మారితే, ఇక్కడ ప్లేనోలోనో గార్లండ్‌లోనో మన డ్రైవరుకు ఇచ్చే జీతం లెక్క మారుతుంది.

ఆ అంకె వెనక ఎంత పని ఉందో పట్టిక రాసేవారికి కనబడదు. శుక్రవారం సాయంత్రం 5 గంటలకు ఆసుపత్రి నుంచి ఫోన్ వస్తుంది, ఇంట్లో ఆక్సిజన్ పెట్టేదాకా రోగిని పంపలేమని. మన మనిషి 15 కిలోల దాకా బరువుండే కాన్‌సెంట్రేటరును, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసే యంత్రాన్ని, రెండు మూడు చిన్న సిలిండర్లను, 50 అడుగుల గొట్టాన్ని బండిలో పెట్టుకుని వెళ్తాడు. మూడో అంతస్తు అయితే, లిఫ్టు పనిచేయకపోతే, భుజాన పెట్టుకుని ఎక్కుతాడు. యంత్రాన్ని ఏ ప్లగ్గుకు పెట్టాలో చూస్తాడు, గ్యాసు పొయ్యి ఎంత దూరంలో ఉందో చూస్తాడు, తలుపు మీద "పొగ తాగరాదు" అన్న కాగితం అంటిస్తాడు. కరెంటు పోతే సిలిండరుకు ఎలా మార్చుకోవాలో ఆయన భార్యకు నేర్పి, ఆమె చేత రెండుసార్లు చేయించి చూస్తాడు. చివరికి సంతకం తీసుకుంటాడు. ఆ సంతకం పక్కన తేదీ వేయించుకోవడం మరిచిపోయాడా, ఆరు నెలల తరువాత ఆడిటులో ఆ డబ్బంతా వెనక్కి పోతుంది. నవ్వుతున్నారంటే మీకూ పోయిందన్నమాట.

పట్టికలో దీనికి ఉన్న పేరు "నెల అద్దె". ఆ అద్దె కూడా 36 నెలలే ఇస్తారు. 2005 నాటి చట్టం పెట్టిన పరిమితి అది. ఆ తరువాత 60 నెలలు నిండేదాకా యంత్రం రోగి ఇంట్లోనే ఉంటుంది, చెడిపోతే బాగుచేసే బాధ్యత మనదే, అద్దె మాత్రం ఉండదు.

ఇక అసలు కథకు వస్తాను. ధరల పట్టిక ప్రభుత్వం ఎందుకు రాయాలి, ఎవరు తక్కువకు ఇస్తారో సరఫరాదారుల చేతనే వేలం పాడిస్తే పోదా అన్న ఆలోచన 1997 చట్టంలో మొదలైంది. ప్రయోగంగా ఫ్లోరిడాలోని పోక్ కౌంటీలో, మన టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో చేసి చూశారు. 2003లో మెడికేర్‌లో మందుల బీమా తెచ్చిన పెద్ద చట్టంలోనే ఈ వేలాన్ని దేశమంతటికీ విస్తరించే సెక్షను కూడా ఉంది. మొదటి విడతకు ఎంచుకున్న 10 ప్రాంతాల్లో ఒకటి మనం కూర్చున్న ఈ డాలస్-ఫోర్ట్ వర్త్. 2008 జూలై 1న అమలు మొదలైంది. ఎన్నాళ్లు నడిచిందో ఈ గదిలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. పక్షం రోజులు. జూలై 15న కాంగ్రెసు ఒక చట్టం చేసి దాన్ని ఆపేసింది, అదీ అధ్యక్షుడు బుష్ వీటోను కాదని.

అప్పుడు మనవాళ్లు పండగ చేసుకున్నారు. నేనూ చేసుకున్నాను, మిఠాయి కూడా పంచాను. అయితే ఆ గెలుపును కొంచెం దగ్గరగా చూడండి. ఆ చట్టం మనకోసం పుట్టిందా? డాక్టర్ల ఫీజుల్లో 10.6 శాతం కోత పడబోతుంటే దాన్ని ఆపడానికి పుట్టింది. ఆ బండికి వెనక మన మూట కూడా కట్టారు. మూటకు కిరాయి ఎంత? వేలం ఆపితే ప్రభుత్వానికి మిగలవలసిన డబ్బు మిగలదు కాబట్టి, ఆ లోటు పూడ్చడానికి, వేలంలో ఉన్న వస్తువులన్నింటి మీదా 2009 జనవరి నుంచి 9.5 శాతం కోత. అది కూడా దేశమంతటా. వేలం 10 ప్రాంతాలకే, కోత మాత్రం వేలం మొహం చూడని మోంటానా దుకాణదారుడికి కూడా. ఆ కోతకు మన వ్యాపార సంఘాల ప్రతినిధులే ఒప్పుకోవలసి వచ్చింది, వేరే దారి లేక. ఈ సంగతి నేను మిఠాయి పంచిన రోజున నాకు తెలియదు. జనవరిలో చెల్లింపు కాగితం చూసుకున్నాక తెలిసింది.

వాషింగ్టన్‌లో వాయిదా ఉచితంగా రాదు. ఇది ఒక్కటి అర్థమైతే తరువాతి పదేళ్ల కథ అంతా అర్థమవుతుంది. ఏ బిల్లు వల్ల ఖర్చు ఎంత పెరుగుతుందో, ఎంత తగ్గుతుందో కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు లెక్కకట్టి ఒక అంకె ఇస్తుంది. మీ కష్టం ఎంత నిజమైనదైనా, ఆ అంకె ఖర్చు వైపు ఉంటే దానికి సరిపడా డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో కూడా చెప్పాలి. చెప్పలేకపోతే ఏమవుతుందో 2009లో చూశాం. వేలాన్ని పూర్తిగా రద్దు చేయాలని ప్రతినిధుల సభలో హెచ్.ఆర్. 3790 అన్న బిల్లు పెట్టారు. 435 మంది ఉన్న సభలో 250కి పైగా సభ్యులు ఆ బిల్లుకు సంతకాలు చేశారు. సగానికి పైగా, వినండి, సగానికి పైగా! అంతమంది చేత సంతకాలు పెట్టించడానికి మనవాళ్లు ఎన్ని విమానాలు ఎక్కారో, ఎన్ని వరండాల్లో నిలబడ్డారో లెక్కలేదు. ఆ బిల్లు చట్టం కాలేదు. 2011 జనవరి 1న వేలం 9 ప్రాంతాల్లో మళ్లీ మొదలైంది. ధరలు సగటున 32 శాతం పడిపోయాయి. 2013 జూలైలో రెండో విడత 100 ప్రాంతాలకు వచ్చింది, అక్కడ సగటు కోత 45 శాతం. పోస్టులో పంపే షుగరు పరీక్ష పట్టీలకైతే 72 శాతం.

నేను మొదటిసారి వాషింగ్టన్ వెళ్లింది ఈ రెండు విడతల మధ్య, 2012లో. ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే దాని నుంచే నేను కాస్త నేర్చుకున్నాను. మూడంగుళాల మందం ఫైలు పట్టుకుని వెళ్లాను. మూడేళ్ల లాభనష్టాల పట్టీలు, తిరస్కరించిన క్లెయిముల నకళ్లు, బ్యాంకు వారి ఉత్తరం, అన్నీ అందులో ఉన్నాయి. మా ప్రాంతపు కాంగ్రెసు సభ్యుడిని కలుస్తాననుకున్నాను. కలిసింది ఆయన ఆరోగ్య విషయాలు చూసే సహాయకురాలిని, పాతికేళ్లుంటాయేమో, కూర్చోవడానికి గది ఖాళీ లేక వరండాలో కిటికీ పక్కన నిలబడే మాట్లాడాం. పది నిమిషాల పాటు నేను నా కష్టం చెప్పాను. అప్పు చెప్పాను, ఇద్దరు ఉద్యోగులను తీసేయవలసి వచ్చిందని చెప్పాను. ఆమె ఓపికగా విన్నది, అమర్యాదగా ఏమీ లేదు. అంతా అయ్యాక ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: "మీ రోగుల్లో మా నియోజకవర్గంలో ఉండేవారు ఎంతమంది?"

నా దగ్గర జవాబు లేదు. మూడంగుళాల ఫైలులో ఆ ఒక్క అంకె లేదు. ఇంచుమించు అంతా అక్కడివారేనని చెప్పాను. ఇంచుమించు అన్నది ఆమె రాసుకోలేదు. కలం మూత పెట్టేయడం నాకు కనబడింది.

తిరుగు విమానంలో చాలాసేపు ఆలోచించాను. నా అప్పు ఆమెకు ఎందుకు? ఈ దేశంలో ప్రతి వ్యాపారికీ అప్పు ఉంటుంది. నేను ఆమె ముందు పెట్టింది గోడు. ఆమెకు కావలసింది రేపు పొద్దున తన సభ్యుడి బల్ల మీద పెట్టగలిగిన ఒక లెక్క. మరుసటి ఏడాది ఒకే ఒక్క కాగితం పట్టుకుని వెళ్లాను. ఆ నియోజకవర్గంలో మా దగ్గర ఆక్సిజన్ తీసుకునేవారు ఇంతమంది, వారిలో మా దుకాణానికి 40 మైళ్ల అవతల ఉండేవారు ఇంతమంది, ఒకసారి వెళ్లి రావడానికి అయ్యే ఖర్చు ఇంత, మెడికేర్ ఇచ్చేది ఇంత, ఈ బిల్లులో ఈ సెక్షనుకు మద్దతు ఇమ్మని మా విన్నపం. ఐదు వాక్యాలు. ఈసారి నకలు ఉందా అని ఆమే అడిగింది.

ఇప్పుడు వేలం లెక్కలోకి వెళ్దాం. కాస్త ఓపిక పట్టండి, ఇందులోనే అసలు కిటుకు ఉంది. వెనక వరసలో వినబడుతోందా? సరే.

ఒక ఆక్సిజన్ యంత్రం నెల అద్దెకు ఐదుగురు గెలిచారనుకోండి. వారు రాసిన ధరలు 100, 110, 120, 130, 140 డాలర్లు. ఇవి నేను కల్పించిన అంకెలు, లెక్క కోసం. మామూలు వేలంలో అయితే గెలిచినవారిలో ఆఖరివాడు అడిగిన ధరో, ఎవరు అడిగింది వారికో ఇస్తారు. ఇక్కడ ఏం చేశారంటే నడిమి ధర తీసుకున్నారు, అంటే 120. 130కి తక్కువైతే తనకు గిట్టదని రాసిచ్చినవాడిని, 140కి తక్కువైతే గిట్టదని రాసిచ్చినవాడిని పిలిచి, "మీరు గెలిచారు, 120కి ఇవ్వండి" అన్నారు. అదేం గెలుపండీ? రెండో వింత ఇంకా పెద్దది. ఆ బిడ్డుకు కట్టుబడనవసరం లేదు. గెలిచాక ధర నచ్చితే సంతకం చేయవచ్చు, నచ్చకపోతే పోవచ్చు. అలాంటప్పుడు ఒకడు 60 డాలర్లని రాసి పడేస్తే వాడికి పోయేదేమిటి? ధర వాడి ఒక్కడి చేతిలో లేదు, నడిమి వాడి చేతిలో ఉంది. ఎంత తక్కువ రాస్తే అంత ఖాయంగా గెలుస్తాడు. ధర బాగుంటే ఉంటాడు, బాగాలేకపోతే తప్పుకుంటాడు. వాడు రాసిన 60 మాత్రం మిగిలినవారి ధరను కిందికి లాగేసి వెళ్తుంది.

మా ఊళ్లో ఏటా చెరువులో చేపలకు వేలం వేసేవారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద మునసబుగారు కూర్చుని, పాట పాడదలచినవారంతా ముందు ధరావతు కట్టండి అనేవారు. ధరావతు కట్టనివాడికి నోరు విప్పే హక్కు లేదు. పాట తనమీద ఖాయమయ్యాక వెనక్కి తగ్గితే ధరావతు పోయినట్టే. అక్షరం రానివాళ్లు కూడా పెట్టుకున్న కట్టుబాటు అది. ప్రపంచంలోని అతిపెద్ద ఆరోగ్య బీమా పథకాల్లో ఒకటి, కోట్లాది మంది వృద్ధుల ఊపిరితో ముడిపడిన వేలానికి, ధరావతు లేకుండా పాట పాడించింది.

ఈ లోపాన్ని పట్టుకుని చెప్పింది మనం కాదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో వేలాల మీద పనిచేసే పీటర్ క్రామ్టన్ అనే ఆర్థికవేత్త. 2010లో ఆయనతో కలిసి 167 మంది ఆర్థికవేత్తలు, వేలం నిపుణులు కాంగ్రెసుకు ఉత్తరం రాశారు. 2011లో అధ్యక్షుడు ఒబామాకు రాసిన ఉత్తరంలో సంతకాలు 244 అయ్యాయి. వాళ్లు వేలం వద్దనలేదు, గమనించండి. వేలం మంచిదే, ఈ వేలం మాత్రం వేలం కాదు అన్నారు. వారికి మన సరుకుతో పని లేదు, మన నష్టంతో పని లేదు. అందుకే వారి మాటకు బరువు వచ్చింది. మన సంఘాలు తెలివిగా చేసిన పని ఏమిటంటే, అమెరికన్ అసోసియేషన్ ఫర్ హోమ్‌కేర్ గానీ, అయోవాలోని వీజీఎం వంటివారు గానీ, రాష్ట్ర సంఘాలు గానీ, క్రమంగా "ఆపండి" అన్న మాట తగ్గించి "సరిచేయండి" అన్న మాట పెంచారు. నా అభిప్రాయంలో ఇది మూడేళ్లు ముందే జరగవలసింది. పోనీండి.

సరిచేయమన్నప్పుడు ఏం జరిగింది? 2015 చట్టంలో బిడ్డు వేసేవారు ప్రాంతానికి ఒక పూచీపత్రం కట్టాలన్న నియమం వచ్చింది. దాని విలువను సీఎంఎస్ 50,000 డాలర్లుగా ఖాయం చేసింది. మా మునసబుగారి ధరావతు అన్నమాట, కొంచెం ఆలస్యంగా అట్లాంటిక్ దాటింది. 2018లో వచ్చిన నిబంధనల్లో నడిమి ధర పోయి, గెలిచినవారిలో పై ధరే అందరికీ వర్తించేలా మార్చారు. ఆ కొత్త పద్ధతిలో 2019లో బిడ్డులు పిలిచారు. 2020 అక్టోబరులో ఫలితం వచ్చింది. 15 రకాల వస్తువులకు బిడ్డులు వస్తే, నడుము పట్టీలు, మోకాలి పట్టీలు అనే రెండు రకాలకు మాత్రమే కాంట్రాక్టులు ఇచ్చి, తక్కిన 13 రకాలకు ఇవ్వకుండా వదిలేశారు. ఎందుకని? ఆశించిన పొదుపు రాలేదని ప్రభుత్వమే చెప్పింది. పొదుపు ఎందుకు రాలేదో నా మాటగా చెబుతాను, తప్పయితే దిద్దండి: కట్టుబడవలసిన వేలంలో మనుషులు నిజమైన ధర రాశారు, నిజమైన ధర పాత కోతలన్నీ పడ్డాక మిగిలిన ధర కంటే ఎక్కువగా ఉంది. 250 మంది సభ్యుల సంతకాలు చేయలేని పని వేలం లెక్క సరిచేయడం వల్ల జరిగింది.

పల్లెల సంగతి వేరు, అది క్లుప్తంగా చెబుతాను. నగరాల్లో వేలం ద్వారా వచ్చిన ధరలను, వేలమే జరగని పల్లె ప్రాంతాలకు కూడా 2016 జనవరిలో సగం, జూలైలో పూర్తిగా రుద్దారు. నగరంలో డ్రైవరు ఒక రోజులో పది ఇళ్లకు వెళ్తాడు, పశ్చిమ టెక్సస్‌లో రెండిళ్లకు వెళ్తే గొప్ప. ఈ మైళ్ల లెక్క పట్టుకుని పల్లె ప్రాంతాల సభ్యులు రెండు పార్టీల నుంచీ కదిలారు. 2016 డిసెంబరులో వచ్చిన క్యూర్స్ చట్టం ఆ రెండో సగం కోతను ఆ ఏడాది చివరిదాకా వెనక్కి తీసుకుంది, అంటే జూలై నుంచి పంపిన క్లెయిములను తిరగదోడి డబ్బిచ్చారు. 2018 జూన్ నుంచి పల్లెలకు పాత ధర సగం, వేలం ధర సగం కలిపిన రేటు వచ్చింది. కరోనా కాలంలో కేర్స్ చట్టం వేలం లేని పట్టణ ప్రాంతాలకు కూడా 75కు 25 పాళ్లలో కొంత ఊరట ఇచ్చింది. అది 2023 చివరితో తీరిపోయింది. ఎందుకు తీరిపోయిందో నన్ను అడగకండి, మళ్లీ లోటు పూడ్చే డబ్బు దగ్గరికే వస్తాం.

రోగుల గురించి చెప్పకుండా ఇవన్నీ చెబుతున్నానని ఆ ముందు వరసలో అమ్మ ఒకరు చూస్తున్నారు, నిజమే. మనలో చాలామందికి మెడికేర్ రోగి ఇంట్లో ఎలా ఉంటాడో తెలియదు. మన అమ్మానాన్నలు ఆరు నెలలు వచ్చి వెళ్తారు, విజిటర్ బీమా మీద. గ్రీన్ కార్డు మీద వచ్చి ఉండిపోయినా, ఇక్కడ పనిచేసిన చరిత్ర లేనివారు ఐదేళ్ల నివాసం నిండితే గానీ మెడికేర్ కొనుక్కోలేరు. కనుక మనకు ఈ మెడికేర్ అనేది చాలాకాలం బిల్లింగు తెర మీద కనబడే నీలిగీతల వ్యవహారమే. ద్రవ ఆక్సిజన్ విషయం తీసుకోండి. ఎక్కువ మోతాదు కావలసిన రోగి బయట తిరగాలంటే తేలికగా భుజాన వేసుకోగలిగింది అదే. దాన్ని నింపడానికి ప్రత్యేకమైన ట్రక్కు ఇంటింటికీ వెళ్లాలి. పడిపోయిన ధరలకు ఆ ట్రక్కు గిట్టక సరఫరాదారులు ఒక్కొక్కరే మానేశారు. మేమూ మానేశాం, దాచడమెందుకు. మా రోగి ఒకాయన, రిటైరైన బడి సంగీతం మాస్టారు, ఆ వారం నుంచి చర్చికి వెళ్లడం మానేశారు. పెద్ద సిలిండరు బండిని ఈడ్చుకుంటూ ఆ మెట్లు ఎక్కలేక.

ఇప్పుడు ఆ ద్రవ ఆక్సిజన్ కోసం, ఆక్సిజన్‌ను వేలం నుంచి శాశ్వతంగా తప్పించడం కోసం, ఇంటికి వెళ్లే శ్వాస చికిత్స నిపుణుల సేవకు డబ్బు ఇవ్వడం కోసం సోర్ అనే బిల్లు ఉంది. 2024లో ఉభయ సభల్లోనూ పెట్టారు, 2025లో మళ్లీ పెట్టారు. దాని ముందు నడుస్తున్నది అమెరికన్ లంగ్ అసోసియేషన్, పల్మనరీ ఫైబ్రోసిస్ ఫౌండేషన్ వంటి రోగుల పక్షాన ఉన్న సంస్థలు. మనం వెనక ఉన్నాం. అదే సరైన వరస అంటాను నేను. 2023 మే నెలలో పవర్ వీల్‌చైరు సీటును పైకి లేపే అమరికకు మెడికేర్ మొదటిసారిగా డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంతకుముందు దాన్ని వైద్య అవసరంగానే లెక్కించేవారు కాదు. ఆ నిర్ణయానికి ముందు వికలాంగుల సంఘాలు పట్టుపట్టాయి, వాడుకునేవారు స్వయంగా రాశారు: సీటు లేవకపోతే మంచం మీదికి జరగడానికి నన్ను ఇద్దరు ఎత్తాలి, అల్మరా అందదు, నిలబడ్డ మనిషి మొహం చూసి మాట్లాడలేను, అని. మనం రాసిన వంద ఉత్తరాల కంటే ఆ ఒక్క వాక్యం ఎక్కువ.

అయితే జాగ్రత్త. రోగి కథ మనం చెప్పదలిస్తే రాతపూర్వకమైన అనుమతి తీసుకోవాలి, లేకపోతే రోగుల వివరాలు బయటపెట్టకూడదనే హిపా చట్టం ఉల్లంఘించినట్టే. ఏ రోగినీ మొహమాటపెట్టి ఉత్తరం రాయించవద్దు. ఆయన యంత్రం మన చేతిలో ఉంది, కాదనలేక రాస్తాడు. అలా వచ్చిన ఉత్తరం నాకు వద్దు.

ఇంకో సంగతి, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. కాంగ్రెసు ఉండే కాపిటల్ కొండ మీద, మన గృహ వైద్య పరికరాలకు పెట్టిన పేరు డీఎంఈ అన్న మూడక్షరాలు వినగానే సహాయకుల మొహం ఎందుకు బిగుసుకుంటుందో ఆలోచించారా? 2003లో హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో పవర్ వీల్‌చైర్ల మోసాలు బయటపడ్డాయి, నడవగలిగినవారి పేర వేలకొద్దీ బిల్లులు. 2019 ఏప్రిల్‌లో నడుముకూ మోకాళ్లకూ కట్టుకునే పట్టీల వంటివాటి మోసం మీద న్యాయశాఖ 24 మంది మీద కేసులు పెట్టింది, నష్టం 120 కోట్ల డాలర్లకు పైమాటే, 130 కంపెనీల చెల్లింపుల మీద సీఎంఎస్ చర్య తీసుకుంది. అలాంటివారికీ మనకూ ఉన్న తేడా మనకు తెలుసు, ఆ సహాయకులకు ఎలా తెలుస్తుంది? ఆడిట్లు ఎక్కువయ్యాయని మొత్తుకునే ముందు, దొంగను పట్టుకోవడానికి మన దగ్గర ఉన్న మంచి ఉపాయం ఏమిటో చెప్పాలి. చాలా ఏళ్లు మన సంఘాలు ఈ విషయంలో గొంతు తగ్గించి మాట్లాడాయి. ఆ మౌనానికి కూడా మూల్యం కట్టాం.

ఇక ముందున్న పని. 2025 వేసవిలో సీఎంఎస్ వేలాన్ని తిరిగి తెచ్చే ప్రతిపాదన ప్రచురించింది. అందులో గెలిచినవారి పై ధరకు బదులు 75వ శాతక స్థానంలో ఉన్న ధర తీసుకుంటామన్నది ఒక మార్పు. చర్మానికి అతికించుకునే గ్లూకోజ్ మానిటర్లు, ఇన్సులిన్ పంపులు దూరం నుంచే పంపే పద్ధతిలో వేలానికి రావడం మరో మార్పు. ఫార్మసీ నడిపేవారు ఇది బాగా వినాలి, ఇది మీ అరలోని సరుకు. తుది నిబంధన ఆ నవంబరులో వచ్చింది. నేను ఇందాక చెప్పిన ఐదు ధరల లెక్క గుర్తుంది కదా. 75వ స్థానం అంటే నడిమికి, కొసకు మధ్య. మళ్లీ అడిగినదాని కంటే తక్కువకు సంతకం చేయమనే చోటికి కొంత జరిగారన్నమాట. ఆ లెక్క మీద మాట్లాడండి, మన అప్పుల మీద కాదు.

ప్రతిపాదన వచ్చినప్పుడు ప్రజలు అభిప్రాయం రాయడానికి సాధారణంగా 60 రోజులు ఇస్తారు. ఎవరైనా రాయవచ్చు. వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాలకు తుది నిబంధనలో జవాబు ఇవ్వక తప్పదు. సంఘం పంపిన నమూనా ఉత్తరం కింద పేరు మార్చి పంపితే వెయ్యి ఉత్తరాలకు కలిపి ఒక్క జవాబు వస్తుంది. మీ దుకాణంలో ఒక యంత్రం కొనుగోలు ధర ఎంత, చేర్చడానికి ఎంత, మరమ్మతుకు ఏడాదికి ఎన్నిసార్లు వెళ్లారు, ఇవి రాస్తే ఆ ఉత్తరానికి విడిగా జవాబు వెతుక్కోవలసి వస్తుంది. ఇంగ్లీషు గొప్పగా ఉండనవసరం లేదు. అంకె సరిగ్గా ఉంటే చాలు.

మనవాళ్లలో ఒక జంకు ఉంది, మేము సిటిజన్లం కాదు కదా, మాకెందుకు అని. ఓటు వేరు, విన్నపం వేరు. ఈ దేశంలో ఉంటున్న ఎవరైనా తమ ప్రాంతపు సభ్యుడి కార్యాలయానికి వెళ్లి మాట్లాడవచ్చు, అభిప్రాయం రాయవచ్చు. ఎన్నికల చందా సంగతి మాత్రం వేరు, గ్రీన్ కార్డు ఉన్నవారు ఇవ్వవచ్చు, వీసా మీద ఉన్నవారు ఇవ్వకూడదు, పొరపాటున కూడా ఇవ్వకండి. వాషింగ్టన్ దాకా పోనవసరం కూడా లేదు. ఆగస్టులో సభ్యులు సొంత ప్రాంతాలకు వస్తారు. ఒక పూట మన గోదాములోకి పిలవండి. 15 కిలోల యంత్రం ఆయన చేతికి ఇచ్చి బండిలో పెట్టమనండి. మా దగ్గరికి వచ్చిన ఒకాయన నవ్వుతూ ఎత్తి, రెండో అడుగుకు కింద పెట్టేశారు. తరువాత గంటసేపు ప్రశ్నలు అడిగారు.

ఆ కిటికీ పక్క బల్ల మీద జిప్ కోడు చూసి ఎవరి నియోజకవర్గం ఏదో తెలుసుకునే పట్టీ, ఖాళీ కాగితాలు పెట్టించాను. కాగితానికి ఐదు గీతలే ఉన్నాయి. మొదటి గీతలో మీ దుకాణం, రెండో గీతలో సభ్యుడి పేరు రాసి ఇచ్చి వెళ్లండి, మూడో గీతలో అంకె మాత్రం ఇక్కడ ఊహించి రాయకండి, రేపు దుకాణానికి వెళ్లి బిల్లింగులో చూసి నింపండి. భోజనాలకు ఇంకా పావుగంట ఉందని చెబుతున్నారు.